ఒంటె అప్పగించిన జెముడు

గుండ్లకొండ మీద చెట్లు తక్కువ, రాళ్ళు ఎక్కువ. వానలు పడే నాలుగు నెలలూ గడ్డి, గింజ, పురుగు, పండు అన్నీ దొరుకుతాయి. తక్కిన కాలమంతా కొండ పొయ్యి మీద పెట్టి మరిచిపోయిన పెనంలా ఉంటుంది.

అందుకని అక్కడి జంతువులు ఒక కట్టుబాటు పెట్టుకున్నాయి. వానల్లో దొరికినదాంట్లో కొంత మిగుల్చుకుని, కొండ నడుము దగ్గరున్న గుహలో దాచుకుంటాయి. ఆ గుహను దాపు అంటారు. దాపుకు ఒక కాపరి ఉంటుంది. కాపరి తప్ప ఇంకెవరూ లోపల అడుగు పెట్టకూడదు. ఎవరిది ఎక్కడ ఉందో కాపరికి తప్ప ఇంకొకరికి తెలియకూడదు. తెలిస్తే, ఎండాకాలం ఆకలిలో ఎవరు ఏం చేస్తారో ఎవరికీ నమ్మకం లేదు. తమ మీద తమకే లేదు.

ఇంకొక నియమం కూడా ఉంది. అప్పగించిన వస్తువు పాడైనా, కాపరి దాన్ని మరిచిపోయినా, ఆ కాపరి దాపు విడిచి వెళ్ళిపోవాలి. ఆ తప్పును ముందుగా కనిపెట్టి చెప్పినవారే తర్వాతి కాపరి. కన్ను పదునుగా ఉన్నవాళ్ళ చేతిలోనే కాపలా ఉండాలని పూర్వం పెద్దలు పెట్టిన నియమం అది. అలాంటి నియమం పెడితే తప్పు జరగాలని కోరుకునేవాళ్ళు కూడా పుడతారని పెద్దలకు తోచలేదు.

ఈ కథ నాటికి దాపు కాపరి ఒక ముసలి ముళ్ళపంది. పేరు కంపవ్వ. తనది కానిది ముట్టదని ఆమెకు పేరు. వయసు మీద పడి, ఒంటి మీది ముళ్ళు ఒకటీ అరా రాలుతున్నాయి. దానికి ఆమె బాధపడలేదు. ముళ్ళు రాలినా మళ్ళీ మొలుస్తాయి. ఆమె బెంగ వేరే ఉంది.

ఈమధ్య ఏదో తేవాలని గుహ వెనక దాకా వెళ్ళి, ఏం తేవాలో తెలియక అక్కడే నిలబడిపోతోంది. ఎదుటి రాతి మీద కాపురముండే ఉడుత సుంకమ్మను ఒకరోజు దాని తల్లి పేరు పెట్టి పిలిచింది. సుంకమ్మ నవ్వి ఊరుకుంది గానీ, కంపవ్వ ఆ రోజు తిండి తినలేదు. దాపులో రాత లేదు, గీత లేదు. లెక్కంతా కాపరి తలలోనే. ఆ తలే జారిపోతే తనేం కావాలి? కొత్తగా బొరియ తవ్వుకోవడానికి కాళ్ళలో సత్తువ లేదు. దాపు విడిస్తే ఎండలో బండ మీద పడి చావాల్సిందే.

అందుకని రోజూ తెల్లవారగానే ఒక మూల కూర్చుని వల్లె వేసేది.

"వెనక మూల సుంకమ్మ చింతగింజలు. ఎడమ గోడ పక్కన కౌజుపిట్టల కొర్రలు. నెమలమ్మ సజ్జలు గూట్లో. కుందేలు ఎండుగడ్డి గుమ్మం పక్కన."

ఆఖరిది మాత్రం పెదవి కదపకుండా మనసులోనే అనుకునేది. బల్లపరుపు రాయి కింద ఉడుము కదిరప్ప ఎండబెట్టిన ఉసిళ్ళు. కదిరప్ప కొండకు పెద్ద. తగవులు తీర్చేది ఆయనే. ఎండాకాలమంతా గాలి పీల్చి, ఎండ కాగి బతుకుతానని అందరితో చెప్పుకుంటాడు. ఆ పరువు నిలవాలంటే ఉసిళ్ళ సంగతి కంపవ్వ కడుపులోనే ఉండాలి.

వానలు వెనకబట్టిన రోజుల్లో కొండ కింద ఒక ఒంటె కనిపించింది. అది మెల్లగా ఎక్కి దాపు ముందుకు వచ్చింది.

"అవ్వా, ఇక్కడ ఏదైనా నమ్మి దాచుకోవాలంటే నీ దగ్గరేనట కదా?"

"దాచేది నేనే. నమ్మేది మీ ఇష్టం. ఎవరు నాయనా నువ్వు? అంత ఎత్తున ఉంటే నాకు ముఖం ఆనడం లేదు."

ఒంటె ముందు కాళ్ళు మడిచి, తర్వాత వెనక కాళ్ళు మడిచి, నిట్టూరుస్తూ కూర్చుంది. మెడకు కట్టిన వల సంచిలో ఒక చిన్న మట్టి కుండీ ఉంది. కుండీలో పిడికెడంత ఆకుపచ్చ బంతి. బంతి నిండా తెల్లటి ముళ్ళు.

ఎదుటి రాతి మీది నుంచి సుంకమ్మ కిసుక్కుమంది. "అవ్వా, నీ మనవరాలు వచ్చింది చూడు. అచ్చం నీ పోలికే."

"నోరు మూసుకోవే. నాకంటే చక్కగా ఉంది" అని కంపవ్వ ఆ మొక్క చుట్టూ ఒకసారి తిరిగింది. "ఏం మొక్క నాయనా ఇది?"

"జెముడవ్వా. మా ఇసుకదిబ్బల్లో, నేను పుట్టిన గుడిసె ముందు మొలిచింది. మా వాళ్ళు ముచ్చటపడి నా మెడకు కట్టారు. జాతరల్లో పిల్లలను ఎక్కించుకుని తిరుగుతుంటాను. ఇప్పుడు సముద్రం పక్క ఊళ్ళకు పోతున్నాం. అక్కడ గాలి పిండితే నీళ్ళు కారతాయట. అక్కడ ఇది బతకదు. ఉగాది దాటాక ఈ దారినే వస్తాను. అందాకా దాచిపెట్టు. మా వైపుది నా దగ్గర మిగిలింది ఇదొక్కటే."

"దాస్తాను. దీనికి ఏం పెట్టాలి?"

"ఏమీ పెట్టొద్దు. పొద్దుటి ఎండ తగలాలి. మట్టిలో ఇసుకా గులకరాళ్ళూ ఉన్నాయి, అవి చాలు. అప్పుడప్పుడు కుండీ కొంచెం తిప్పు, లేకపోతే ఎండ వైపుకు వాలిపోతుంది. నీళ్ళ దగ్గరే జాగ్రత్త. పోస్తే కడుపునిండా పొయ్యి. తర్వాత చాలా రోజులు దాని జోలికి పోవద్దు."

"చాలా రోజులంటే ఎన్ని?"

"లెక్క నాకు తెలియదవ్వా. లోపలిదాకా మట్టి ఎండితే చాలా రోజులైనట్టు. ఇదీ నాలాంటిదే. దాహంతో చావదు. ఎవరైనా జాలిపడితేనే చస్తుంది."

కొండ కింద ఎవరో ఈల వేశారు. ఒంటె వెనక కాళ్ళు ముందు లేపి, ముందు కాళ్ళు తర్వాత లేపి, వచ్చిన దారినే దిగిపోయింది.

కంపవ్వ కుండీని గుమ్మం దగ్గర, పొద్దుటి ఎండ పడి మధ్యాహ్నానికి నీడ వచ్చే చోట పెట్టింది. ఆ రోజుకు నీళ్ళు కడుపునిండా పోసింది. తన వల్లెలో ఇంకొక వాక్యం చేర్చుకుంది. "ఒంటె జెముడు గుమ్మంలో. పొద్దుటి ఎండ. కుండీ తిప్పాలి. కడుపునిండా పోసి చాలా రోజులు ఊరుకోవాలి." ఒంటె ఇంకేదో కూడా చెప్పినట్టు ఆమెకు లీలగా అనిపించేది. అదేమిటో మాత్రం ఎంత తడుముకున్నా దొరికేది కాదు.

ఆ కొండ మీదే నక్క ఓబులేసు ఉండేవాడు. వాడు దాపులో ఏనాడూ ఏదీ దాచలేదు. దాచుకునేంత ఓపిక వాడికి లేదు. ఇతరులు దాచినదాని కోసం కాచుకోవడానికి మాత్రం ఎంత ఓపికైనా ఉంది. సుంకమ్మను అవ్వ వేరే పేరుతో పిలిచిన కబురు వాడి చెవిన పడినప్పటి నుంచి వాడు పొద్దున్నే దాపు వైపు రావడం మొదలుపెట్టాడు.

"దండాలవ్వా. ఒళ్ళు బాగుందా? మొక్కకు నీళ్ళు పోశావా?"

"పోశాను నాయనా. మొన్ననో, అటుమొన్ననో."

"మొన్ననా?" ఓబులేసు నొసలు ముడిచి కుండీని చూశాడు. "కాదవ్వా. నువ్వు పోసింది గాలివాన వచ్చిన రోజుకు ముందు. ఆ తర్వాత కాళ్ళు నొప్పులని పడుకున్నావు. నేను వచ్చి పలకరించి పోయాను, గుర్తులేదా?"

కంపవ్వకు గుర్తులేదు. గాలివాన గుర్తుంది. కాళ్ళ నొప్పులు రోజూ ఉన్నవే. ఓబులేసు వచ్చి పలకరించింది మాత్రం గుర్తులేదు. జరగనిది గుర్తుండదు కదా అని ఆమెకు తట్టలేదు. గుర్తులేనిదంతా తను మరిచిపోయినదే అనుకునే స్థితికి అప్పటికే వచ్చేసింది.

"చాలా రోజులైందంటావా?"

"చాలా రోజులే అవ్వా. పాపం, ముఖం వాడిపోయింది చూడు. పోయి నీళ్ళు తెచ్చుకో. మెల్లగా వెళ్ళిరా, పరుగెత్తకు. నేనిక్కడే కూర్చుని కుండీని చూస్తుంటాను."

నీళ్ళు కావాలంటే కొండ పైన బండల మధ్య ఉన్న గుంటకు వెళ్ళాలి. కంపవ్వ మోదుగాకు దొప్ప పళ్ళతో పట్టుకుని ఎక్కింది, దిగింది. వచ్చేసరికి సగం ఒలికిపోయేది, మళ్ళీ ఎక్కేది. ఓబులేసు గుమ్మంలోనే కూర్చుని ఉండేవాడు, తోక కాళ్ళ చుట్టూ చుట్టుకుని బుద్ధిమంతుడిలా.

"ఎవరితోనూ అనకు నాయనా" అంది కంపవ్వ నీళ్ళు పోస్తూ.

"ఏమని?"

"నేను మరిచిపోయానని."

"ఛ, ఛ. నేనెందుకు అంటానవ్వా? రేపు వచ్చి మళ్ళీ గుర్తుచేస్తాను."

అన్న మాట ప్రకారం గుర్తుచేశాడు. మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. ప్రతిసారీ ఏదో ఒక గుర్తు చెప్పేవాడు. "నెమలమ్మ పురి విప్పిన రోజు పోశావు, ఆ తర్వాత లేదు" అనేవాడు. "కుందేలుకు జలుబు చేసిన రోజవ్వా" అనేవాడు. అంత వివరంగా చెబుతుంటే కాదనడానికి ఆమె దగ్గర ఏముంది? దొప్ప పట్టుకుని ఎక్కేది.

దాపు నుంచి తిరిగి పోయేటప్పుడు దారిలో కౌజుపిట్టలు కనిపిస్తే ఓబులేసు గొంతు తగ్గించి చెప్పేవాడు. "అవ్వను చూస్తే కడుపు తరుక్కుపోతోంది. ఆ మొక్కకు ఒక్క చుక్క పోయడం లేదు. చెబితే ఊ అంటుంది, పడుకుంటుంది. మీ కొర్రల సంగతి ఒకసారి చూసుకోండి మరి. నేను చెప్పానని చెప్పొద్దు."

ఇక్కడ కంపవ్వకు ఇంకొక దిగులు పట్టుకుంది. కొర్రల కుప్ప తగ్గినట్టు అనిపించింది. కౌజులు మోకాలెత్తు పోశాయని ఆమె తలలో ఉంది. కుప్ప అంత లేదు. సజ్జలూ పలచబడ్డాయి. తను ముట్టలేదు. ఎవరూ లోపలికి రాలేదు. అంటే మొదట చూసినప్పుడే తను తప్పుగా గుర్తుపెట్టుకుందన్నమాట. అలా అనుకుని వల్లెలో "మోకాలెత్తు" అనే మాట తీసేసింది.

జెముడు రంగు మారింది. మొదట్లో నిగనిగలాడేది, ఇప్పుడు పసుపు తిరిగింది. మొదలు దగ్గర గోధుమరంగు మచ్చ వచ్చింది. ముట్టుకుంటే మెత్తగా దిగబడింది. నీళ్ళు చాలక ఇలా అయిందేమో అని కంపవ్వ ఒకరోజు ఎవరూ చెప్పకుండానే ఇంకొక దొప్ప పోసింది.

ఒక పొద్దున ఓబులేసు ఇంకా రాలేదు. కంపవ్వ కుండీ తిప్పుదామని వంగింది. వంగగానే వీపు మీది పాతముల్లు ఒకటి ఊడి, నిలువుగా కుండీలోకి దిగబడింది. పళ్ళతో పట్టి లాగింది. ముల్లు కొస నుంచి సగం దాకా నల్లటి బురద పట్టుకుని వచ్చింది.

ఆమె ఆ ముల్లును ఎండలో పెట్టి చాలాసేపు చూసింది.

పైన మట్టి పొడిగా కనిపిస్తోంది. లోపల బురద. గుమ్మం మీద బండ చూరులా ఉంది, వాన పడదు. నిన్న పొద్దున ఓబులేసు వచ్చి, నీళ్ళు పోసి పక్షం దాటిందన్నాడు. పక్షం పాటు ఎండిన మట్టి, నిన్న పోసిన ఒక్క దొప్పకే లోపల ఇంత నల్లటి బురద అయిపోదు. అయితే మట్టి అయినా అబద్ధం చెప్పాలి, ఓబులేసైనా చెప్పాలి.

మట్టికి అబద్ధంతో ఏం పని?

కంపవ్వ చప్పున కూర్చుంది. ఇన్నాళ్ళూ తన తల మీద వేసుకున్న నేరాలన్నీ ఒక్కొక్కటిగా దింపి చూసుకుంది. కుందేలు జలుబు. కాళ్ళ నొప్పుల రోజు. మోకాలెత్తు కొర్రలు. తను నీళ్ళకు ఎక్కిన ప్రతిసారీ గుమ్మంలో కూర్చున్నదెవరు? లోపలికి వెళ్ళి సజ్జల గూడు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. నక్క కంపు కొట్టింది. ముసలితనంలో మతి మందగించింది గానీ ముక్కు మందగించలేదు. ఇన్నాళ్ళూ దాన్ని అడగాలని తోచకపోవడమే పొరపాటు.

ముందు మొక్క సంగతి చూడాలి. మొక్కను కుండీలోంచి లాగితే వేళ్ళు పేగుల్లా జారిపోయాయి. కంపవ్వ తన పెద్ద పళ్ళతో కుళ్ళిన మొదలు కొరికి ఉమ్మేసింది. లోపల ఇంకా గోధుమరంగు చార కనిపించింది. ఇంకొంచెం కొరికింది. మచ్చ లేని తెల్లటి కండ వచ్చేదాకా కొరుకుతూ పోయింది. చివరికి బంతిలో పైసగమే మిగిలింది. దాన్ని నీడలో ఒక పొడి రాయి మీద, కోసిన వైపు గాలి తగిలేట్టు పక్కకు పడుకోబెట్టింది. తను దుంపలు కొరికి దాచే పద్ధతి అదే. కోత ఆరి బెరడు కట్టకుండా తడిమట్టిలో పెడితే దుంప కుళ్ళుతుంది. దీనికైనా అంతేనని ఆమె లెక్క. కుండీలో బురద మాత్రం అలాగే ఉంచి, పక్కకు జరిపింది.

సరిగ్గా అప్పుడే ఓబులేసు వచ్చాడు. రాయి మీద మొక్క తల, కింద కొరికి ఉమ్మిన ముక్కలు, కంపవ్వ పళ్ళకు ఆకుపచ్చ రసం. వాడి కళ్ళు పెద్దవయ్యాయి.

"అవ్వా! తినేశావా?"

కంపవ్వ నోరు విప్పబోయి, ఆగి, "ఏం తిన్నాను నాయనా?" అంది అమాయకంగా.

వాడు ఇంకేమీ అడగలేదు. తోక పైకెత్తి, దారి పొడుగునా కేకలు వేసుకుంటూ కదిరప్ప దగ్గరికి పరుగెత్తాడు.

నీడలు పొట్టివయ్యేసరికి దాపు ముందు కొండంతా చేరింది. కదిరప్ప బల్లిలా పాకుతూ వచ్చి మధ్యనున్న బండను నాలుగు కాళ్ళతో కరుచుకుని కూర్చున్నాడు. ఆయనకు ఒక గుణం ఉంది. ఒక ప్రశ్న పట్టుకుంటే జవాబు వచ్చేదాకా వదలడు. తనకే విసుగొచ్చినా వదలడు.

"చెప్పు ఓబులేసూ."

"ఏం చెప్పను మామా? చెప్పాలంటే నోరు రావడం లేదు. ఆ పరాయి ఒంటె నమ్మి అప్పగించిన మొక్క. మొదటి రోజు పోసిన నీళ్ళే నీళ్ళు. ఆ తర్వాత ఒక్క చుక్క పోయలేదు. నేను పొద్దున్నే వచ్చి గుర్తుచేసేవాడిని. ఊ అనేది, పడుకునేది. ఎండి చచ్చింది. చచ్చాక అదేమిటో కూడా మరిచిపోయి దుంపనుకుని కొరికింది. అదుగో పళ్ళు చూడండి."

కౌజుపిట్టలు కిచకిచలాడాయి. "ముందే అనుకున్నాం. మా కొర్రలేమయ్యాయో!"

"నా సజ్జలు!" అంది నెమలి.

"అవ్వా, ఏమంటావు?" అన్నాడు కదిరప్ప.

కంపవ్వ లేచి నిలబడింది. ముళ్ళు కొంచెం గలగలమన్నాయి.

"నేనేమంటాను కదిరప్పా? మరిచిపోతున్న మాట నిజం. ఎన్నిసార్లు నీళ్ళు పోశానో నాకు తెలియదు. తెలిసినవాడు ఓబులేసే. వాడినే అడగండి. నాయనా ఓబులేసూ, బాగా ఆలోచించి చెప్పు. ఆ మొదటి రోజు తర్వాత ఒక్కసారైనా పోయలేదా?"

"ఒక్కసారి కూడా లేదవ్వా. కళ్ళారా చూశాను."

"సుంకమ్మా, ఇలా దిగవే. ఈ ముల్లు తీసుకుని ఆ కుండీలో గుచ్చు. అడుగు దాకా గుచ్చి లాగు."

సుంకమ్మ గుచ్చింది, లాగింది. ముల్లుకు బురద అంటుకుని వచ్చింది. అంతటితో ఊరుకోకుండా కుండీని ఒక్క తోపు తోసింది. కుండీ పక్కకు పడి, నల్లటి ముద్ద బండ మీదికి జారింది. కుళ్ళు వాసనకు నెమలి మెడ తిప్పుకుంది.

కదిరప్ప నాలుక చాపి వాసన చూసి, లోపలికి తీసుకున్నాడు.

"ఒక్క చుక్క పోయని కుండీలో బురద ఎలా వచ్చింది?"

ఓబులేసు ఒక్క క్షణం మాత్రమే తడబడ్డాడు. "అదే చెప్పబోతున్నాను మామా! పోసినట్టు మరిచిపోయి, మళ్ళీ మళ్ళీ పోసింది. రోజూ పోసింది. నిన్నా పోసింది, మొన్నా పోసింది. మరిచిపోవడమంటే అది కాక ఇంకేమిటి?"

కౌజుపిట్టలు తలలు ఊపాయి. మాట బాగానే ఉంది. అది నిజం కూడా.

కదిరప్ప మాత్రం ప్రశ్న వదల్లేదు. "ఇందాక ఒక్క చుక్క లేదని కళ్ళారా చూశావు. ఇప్పుడు రోజూ పోయడం కళ్ళారా చూశావు. ఏ కళ్ళతో ఏది చూశావు?"

"అంటే..."

"రోజూ పోస్తుంటే చూసినవాడివి, వద్దని ఒక్కరోజైనా అన్నావా?"

"అవ్వ వింటేనా మామా?"

"పొయ్యమంటే వినేది, వద్దంటే వినదా?" అంది సుంకమ్మ. "పొద్దున్నే నువ్వొచ్చి నీళ్ళకు పంపేవాడివి. నేను మేతకు పోయే ముందు రాతి మీద కూర్చుని నా చెవులతో విన్నాను. ఏదో సాయం చేస్తున్నావనుకున్నాను."

ఓబులేసు దగ్గర ఇంకా మాటలున్నాయి. "సరే, నేనే పొరపాటు పడ్డాను. నాకేం తెలుసు జెముడు సంగతి? జాలిపడి చెప్పాను. కానీ మామా, అసలు మాట అటు పోతోంది. అవ్వకు మతి నిలవడం లేదు. ఒప్పుకుంది కూడా. రేపు ఎండాకాలంలో ఎవరి గింజ ఎవరికి ఇస్తుందో! మతి ఉన్నవాళ్ళ చేతిలో పెట్టండి దాపును. నేనే కావాలని అనడం లేదు."

ఇది అందరికీ తగిలింది. నక్క మీద కోపం వచ్చినా, సొంత గింజల మీద భయం అంతకంటే పెద్దది. అందరూ కంపవ్వ వైపు చూశారు.

కంపవ్వ మెల్లగా అంది. "వాడన్నది సబబే. కాపరికి జ్ఞాపకం ఉండాలి. ఓబులేసు జ్ఞాపకం నాకు తెలుసు. ఏ రోజు కుందేలుకు జలుబు చేసిందో, ఏ రోజు నెమలమ్మ పురి విప్పిందో ఇట్టే చెబుతాడు. నేను ఇవాళే తప్పుకుంటాను కదిరప్పా. ఒకటే భయం. దాపు అప్పగించాలంటే ఎవరిది ఎక్కడుందో నేను చెప్పాలి. తప్పు చెబుతానేమోనని నా బెదురు. నేను చెప్పేదాంట్లో తప్పుంటే దిద్దు నాయనా. చింతగింజలు... చింతగింజలు గుమ్మం పక్కన కదూ?"

సుంకమ్మ ఏదో అనబోయి, అవ్వ ముళ్ళు తన వైపు ఒక్కసారి గలగలమనేసరికి ఊరుకుంది.

"గుమ్మం పక్కన కాదవ్వా, అక్కడుండేది ఎండుగడ్డి" అన్నాడు ఓబులేసు. దాపు చేతికి అందినట్టే ఉంది వాడికి. "చింతగింజలు వెనక మూల."

"అవునవును. కొర్రలు గూట్లో."

"అయ్యో రాత! గూట్లో సజ్జలు. కొర్రలు ఎడమ గోడ పక్కన. చూశారా, చూశారా ఎలా తారుమారు చేస్తోందో!" వాడు అందరి వైపూ తిరిగాడు. చెప్పేకొద్దీ వాడికి హుషారు పెరిగింది.

"ఆ బల్లపరుపు రాయి కింద ఏముండేది నాయనా? అది అసలే గుర్తు రావడం లేదు. ఏమీ లేదేమో."

"లేకపోవడమేమిటి? మన పెద్దాయన ఉసిళ్ళు! ఎండబెట్టినవి, ఇంత కుప్ప! దాన్ని కూడా మరిచిపోతే ఎలాగవ్వా?"

కౌజుపిట్టలు కదిరప్పను చూశాయి. కుందేలు కదిరప్పను చూసింది. గాలి పీల్చి బతికే పెద్దాయన బండను ఇంకా గట్టిగా కరుచుకున్నాడు. ఆయన గొంతు కింద చర్మం ఎగసిపడింది.

"ఆ రాయి కింద ఏముందో" అన్నాడు ఒక్కొక్క మాట నమిలినట్టు, "నేను కంపవ్వకు తప్ప ప్రాణమున్న దేనికీ చెప్పలేదు. కంపవ్వ చెప్పలేదు. ఇప్పుడే తనకు గుర్తులేదంది. నీకెలా తెలుసు?"

"అది... ఎవరో అనుకుంటుంటే విన్నాను."

"ఎవరు?"

"గుర్తులేదు మామా."

"ఇందాకటి దాకా అన్నీ గుర్తున్నాయే. ఎవరు?"

"వాసన వచ్చింది."

"గుమ్మంలో కూర్చున్నవాడికి రాయి కింది వాసనా? ఎవరు?"

ఓబులేసు ముందుకు చూశాడు, పక్కకు చూశాడు. కౌజుపిట్టలు అప్పటికే అరుస్తున్నాయి. "మా కొర్రలు! మా కొర్రలు తగ్గాయంటే వీడే!" కుందేలు కూడా ధైర్యం తెచ్చుకుని కాలు నేలకేసి కొట్టింది. కంపవ్వ వాడి వైపు వీపు తిప్పి ముళ్ళన్నీ నిక్కబొడిచింది. రాలగా మిగిలినవే అయినా, నక్క ముక్కుకు అవి చాలు. వాడు రాళ్ళ సందుల్లోంచి దూకి, కొండ దిగువకు పారిపోయాడు.

జనం కొంత సద్దుమణిగాక కంపవ్వే అడిగింది.

"మరి నా సంగతేమిటి కదిరప్పా? వాడు దొంగైతే నా మతి బాగుపడదు కదా. ఆ ఉసిళ్ళు నాకు గుర్తున్నాయి, చింతగింజలూ గుర్తున్నాయి. వాడి నోరు తెరిపించడానికి అలా అన్నాను. కానీ నిన్న తిన్నదేమిటో నిజంగానే గుర్తులేదు."

ఉసిళ్ళ సంగతి బయటపడ్డ దుఃఖం కదిరప్పకు ఇంకా తీరలేదు.

"నియమం ప్రకారం తప్పు కనిపెట్టినవారే కాపరి" అన్నాడు. "ఇక్కడ పెద్ద తప్పు కనిపెట్టింది నువ్వే. కాబట్టి కాపరివి నువ్వే. సుంకమ్మా, నువ్వు రోజూ పొద్దున అవ్వ పక్కన కూర్చుని వల్లె విను. నా రాయి సంగతి కూడా విను. దాచడానికి ఇంకేం మిగిలింది గనక!"

జెముడు తల రాయి మీద అలాగే ఉండి, కోత గట్టిపడి బెరడు కట్టింది. కంపవ్వ కుండీ కడిగి ఎండబెట్టి, వాగులోని ముతక ఇసుక, పెంకు ముక్కలు నింపి, దాన్ని పైన కూర్చోబెట్టింది. నీళ్ళు పోయలేదు. వేళ్ళు వచ్చి, కదిపితే కదలకుండా బిగుసుకున్నాకే మొదటి దొప్ప పోసింది. ఆ తర్వాత పోయాలా వద్దా అన్నది ఆమె ఎవరినీ అడగలేదు, గుర్తుపెట్టుకోనూ లేదు. రాలిన ముల్లు గుచ్చి లాగేది. బురద అంటితే ఊరుకునేది. శుభ్రంగా వస్తే పోసేది.

ఎండలు ముదిరాక ఒంటె వచ్చి, ముందు కాళ్ళు మడిచి చూసి, ఆశ్చర్యపోయింది.

"చిన్నదైందేమిటవ్వా?"

"వయసైతే మాకు తల పోయి కాళ్ళు మిగులుతాయి నాయనా. దీనికి కాళ్ళు పోయి తల మిగిలింది. కొత్త కాళ్ళు మొలిచాయిలే, తీసుకెళ్ళు. అన్నట్టు, నీళ్ళ గురించి నువ్వేదో చెప్పావు. అదేమిటో ఇప్పటికీ గుర్తు రాలేదు."

ఓబులేసు కొండకు తిరిగి రాకపోలేదు. ఇంకెక్కడికి పోతాడు? కానీ దారిలో ఎవరికి ఎదురుపడినా ఒకటే మాట. కౌజుపిట్టల గుడ్డు దొర్లిపోయినా, కుందేలు పిల్ల తప్పిపోయినా, నెమలి ఈక పోగొట్టుకున్నా, "ఓబులేసూ, నీకు గుర్తుంటుంది, ఎక్కడుందో చెప్పు" అని వాడినే అడిగేవారు. వాడు తోక కాళ్ళ మధ్య పెట్టుకుని, "నాకేమీ గుర్తులేదు" అంటూ పక్కదారి పట్టేవాడు. అలా అనీ అనీ కొన్నాళ్ళకు కొండ మీద అందరికంటే మతిమరుపు జంతువుగా వాడికే పేరు వచ్చింది.

నీతి: మరిచిపోయేవాళ్ళకు పక్కన ఒక మంచి తోడుంటే చాలు, చూడకూడనిది చూసి, చూసిందంతా గుర్తుపెట్టుకున్నవాడిని మాత్రం వాడి నోరే పట్టిస్తుంది.